‘ఒక్కడు’ చూసినవాళ్లు తమిళ రీమేక్ ‘గిల్లి’ కూడా చూడొచ్చా?

తప్పకుండా చూడొచ్చు. ‘ఒక్కడు’ 2003లో, ‘గిల్లి’ 2004లో వచ్చాయి. కథ ఒకటే: కబడ్డీ ఆడే కుర్రాడు వేరే ఊరికి పోయి, అక్కడి రౌడీ నాయకుడి చేతుల్లోంచి ఒక అమ్మాయిని తప్పించి తన ఇంటికి తెస్తాడు. విలన్ రెండింటిలోనూ ప్రకాశ్‌రాజే. తమిళంలో ఆయన ‘చెల్లం’ అని ముద్దుగా పిలిచే తీరు భయాన్ని ఇంకా పెంచింది. వేగంలో కూడా నాకు ‘గిల్లి’ ఒక అడుగు ముందే అనిపిస్తుంది.

అసలు తేడా ఊళ్లలో ఉంది. కర్నూలు మదురైగా మారింది, చార్మినార్ బదులు చెన్నై లైట్‌హౌస్ వచ్చింది. మాది కర్నూలు. కొండారెడ్డి బురుజు దగ్గర మహేశ్‌బాబు విలన్ ఓబుల్‌రెడ్డిని కొట్టే సీన్ మాకు వట్టి ఫైట్ కాదు. చిన్నప్పటి నుంచి రోజూ చూసే బురుజు అది! బయటి ఊళ్ల నుంచి చుట్టాలు వస్తే ఇప్పటికీ ముందు ‘ఒక్కడు బురుజు చూపించు’ అంటారు. ఆ ఫ్యాక్షన్ వాతావరణం, సీమ మాట మదురైకి పోలేదు. మదురైవాళ్లకు వాళ్ల ఊరు అలాగే దగ్గరగా అనిపించి ఉంటుంది.

ముందు ‘ఒక్కడు’ ఇంకోసారి చూడండి, వారం ఆగి ‘గిల్లి’ పెట్టుకోండి.