శత్రువు లేకుండానే హీరో ఎలా కూలిపోతాడు?

విలన్ లేకపోయినా కథానాయకుడు కేవలం లోపలి భయంతో నాశనం కాగలడా అని అడిగారు. దేవదాసును చూడండి. 1953 నాటి తెలుగు సినిమా తయారైంది మద్రాసులోనే కాబట్టో ఏమో, చెన్నైలో మా తెలుగువాళ్లు కలిస్తే అతని ప్రస్తావన రాక మానదు. అందరూ తాగుడునే తిడతారు. నన్నడిగితే తాగుడు తర్వాతి సంగతి.

ఆ సినిమాకు మూలమైన శరత్‌చంద్ర బెంగాలీ నవలలో, అతని చిన్ననాటి నేస్తం పార్వతి పరువు పక్కనబెట్టి అర్ధరాత్రి అతని గదికి వస్తుంది. అతని టెన్షనంతా ఎవరైనా చూశారేమోనని! వాళ్ల పెళ్లికి ఒప్పుకోని తండ్రిని ఎదిరించలేక కలకత్తా వెళ్లిపోయి, నిన్ను అంతగా ప్రేమించినట్టు నాకెప్పుడూ అనిపించలేదని ఉత్తరం రాస్తాడు. అసలు దెబ్బ అక్కడే. భయపడ్డానని ఒప్పుకోలేక, ప్రేమే లేదని అబద్ధమాడాడు. తర్వాత మనసు మార్చుకుని వస్తే పార్వతి కాదంటుంది. అప్పుడు గాలం కర్రతో ఆమె నుదుటి మీద కొడతాడు. తన పిరికితనం మీద రావలసిన కోపం అది.

దాచుకున్న భయం ఇలాగే పనిచేస్తుంది: పెద్దల మాట, కులం, మర్యాద అంటూ ఏదో ఒక గౌరవమైన సాకు వెతుక్కుంటుంది. అందుకే హీరోకి తను తప్పు చేస్తున్నట్టే తెలియదు. మీరు కథ రాస్తుంటే అతని చేత ‘నాకు భయం’ అనిపించకండి, ఆ సాకులే రాయండి.