ల్యాగ్ తగాదాలు తీర్చేటప్పుడు

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

మన హనుమకొండ పిల్లల ఆన్‌లైన్ షూటింగ్ ఆటల ఆదివారం మ్యాచ్‌ల బాధ్యత ఇక నీవే చూసుకుంటావని విని సంతోషించాను. ఆట నియమాలు నీకు బాగా తెలుసు కనుక, ల్యాగ్ (నెట్ ఆలస్యం వల్ల ఆట వెనకబడటం) వచ్చినప్పుడు ఎవరికీ అన్యాయం జరగకుండా ఎలా నడుచుకోవాలో మాత్రమే రాస్తున్నాను. ఓటమి వల్ల కన్నా ఈ తగాదాల వల్ల చెడిపోయిన స్నేహాలనే నేను ఎక్కువగా చూశాను.

నీ దగ్గరికి తరచుగా వచ్చే ఫిర్యాదు ఇలా ఉంటుంది: "నేను గోడ చాటుకు వచ్చేశాక కూడా చంపాడు, వాడు హ్యాక్ వాడుతున్నాడు." అప్పుడు ఇద్దరి స్క్రీన్ రికార్డింగులూ తెప్పించుకొని పక్కపక్కన పెట్టి చూడు. చనిపోయినవాడి వీడియోలో అతడు పూర్తిగా గోడ వెనుక ఉంటాడు. కాల్చినవాడి వీడియోలో మాత్రం అతని భుజం, తుపాకీ కొన ఇంకా గోడ అంచుకు బయటే కనిపిస్తుంటాయి. ఇద్దరూ చెప్పేది నిజమే. చాలా షూటింగ్ ఆటల్లో సర్వర్ (అందరి ఆటనూ కలిపి నడిపే కంప్యూటర్), కాల్పుల సమాచారం తనకు చేరగానే, కాల్చినవాడి తెరపై ఆ క్షణంలో ఏం కనిపించిందో అక్కడికి సెకనులో కొద్ది భాగం వెనక్కి వెళ్లి, తూటా తగిలిందా లేదా అని లెక్క చూస్తుంది. ఈ ఏర్పాటు లేకపోతే పింగ్ (సర్వర్‌కు సమాచారం వెళ్లి తిరిగి రావడానికి పట్టే మిల్లీసెకన్లు) ఎక్కువగా ఉన్నవాడు పరుగెత్తే ప్రత్యర్థిని గురి చూసి కొట్టడం దాదాపు అసాధ్యమవుతుంది. ఉన్నందువల్ల, చాటుకు చేరినవాడికి అప్పుడప్పుడు నష్టం జరుగుతుంది. అందుకే ఒక్క వీడియో చూసి ఎవరినీ దొంగ అనవద్దు, గ్రూపులో ఇతరులనూ అననివ్వవద్దు. ఆ మాట ఒకసారి పడితే ఆ పిల్లవాడు మళ్లీ ఆటకు రాడు.

సర్వర్ ఎంపికలో నీ సొంత పింగ్‌ను లెక్కలోకి తీసుకోకు. ఫైబర్ తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది కాబట్టి ప్రతి 100 కిలోమీటర్ల దూరానికీ రానూపోనూ ఒక మిల్లీసెకను ఖర్చవుతుంది. అంటే మన దగ్గరి నుంచి సింగపూర్ సర్వర్‌కు, ఎంత మంచి కనెక్షన్ ఉన్నా, 30 మిల్లీసెకన్లకు తగ్గడం కుదరదు. ముంబై సర్వర్ ఉంటే అదే మేలు.

పింగ్ ఎక్కువగా ఉందని ఏటూరునాగారం నుంచో నర్సంపేట నుంచో మొబైల్ డేటాతో ఆడేవాణ్ణి తీసివేయాలన్న ఒత్తిడి నీమీద వస్తుంది. దానికి లొంగకు. 90 దగ్గర నిలకడగా ఉండే పింగ్‌తో హాయిగా ఆడవచ్చు. 40 నుంచి 300కు ఎగిరిపడే పింగ్, మధ్యలో పోయే ప్యాకెట్లు (నెట్‌లో పంపే సమాచారపు ముక్కలు), ఇవే ఆటను చెడగొడతాయి. అలాంటివాడు వైఫైతో ఆడుతుంటే అది వదిలి ల్యాన్ కేబుల్ పెట్టుకోమనీ, ఆట సమయంలో ఇంట్లో వీడియోలు అప్‌లోడ్ చేయకుండా చూసుకోమనీ ముందు చెప్పు. పరిమితి పెట్టక తప్పదనుకుంటే ముందే ప్రకటించి, నీ జట్టువాళ్లకూ అదే వర్తింపజేయి.

కావాలని నెట్ ఆపి లాభపడేవాళ్లూ ఉంటారు. ఎదురుకాల్పులు మొదలైనప్పుడే ఆగిపోయి, మిగతా సమయమంతా సాఫీగా నడిచే కనెక్షన్‌ను అనుమానించాల్సిందే, కానీ నాలుగైదు మ్యాచ్‌ల రికార్డింగులు చూశాకే నిర్ణయానికి రా, అదీ ముందు అతనితో విడిగా మాట్లాడి.

ఎవరైనా డిస్కనెక్ట్ అయితే మ్యాచ్ మళ్లీ పెట్టాలా వద్దా అన్నది ఆట మొదలుకాక ముందే తేలాలి. మొదటి కిల్ పడకముందు పోతే మళ్లీ మొదలు, తర్వాత పోతే ఫలితం ఖాయం అన్న నియమం నాకు న్యాయంగా తోస్తుంది. గెలుస్తున్న జట్టు ఎవరిదో తెలిశాక పెట్టే నియమాన్ని ఎవరూ నమ్మరు. ఈ శనివారం సాయంత్రానికల్లా సర్వర్ పేరు, ఈ నియమం గ్రూపులో పెట్టి, దూరపు ఊళ్ల పిల్లలను ఆ రాత్రే ఒకసారి పింగ్ చూసుకోమను.

ఇట్లు,
మీ అన్న