లక్కీ మ్యాన్ చివరి మోగ్ సోలో: ఫిల్టర్ కంటే ముందు జారు చూసుకోండి

"లక్కీ మ్యాన్ చివర వచ్చే సింథ్ సోలో సౌండ్ సర్జ్ ఎక్స్‌టీలో చేద్దామంటే పలచగా, పిల్లల కీబోర్డులా వస్తోంది. ఏ ఫిల్టర్ వాడాలి?" అని ఒకరు అడిగారు. సర్జ్ ఎక్స్‌టీ అంటే కంప్యూటర్‌లో నడిచే సాఫ్ట్‌వేర్ సింథ్. సౌండ్ పదును తగ్గించే ఆ ఫిల్టర్ దగ్గరే నేను కూడా దాదాపు నెల రోజులు పోగొట్టుకున్నాను. చిక్కు అక్కడ లేదండీ.

ఈ పాట ఎమర్సన్, లేక్ అండ్ పామర్ బ్యాండ్ మొదటి ఆల్బమ్‌లోది, 1970. బ్యాండ్‌లో కీబోర్డులు వాయించే కీత్ ఎమర్సన్ ఆ సోలోని పెద్ద మోగ్ మాడ్యులర్ సింథ్ మీద ఒకే టేక్‌లో వాయించాడు. దాని మీద ఒకసారికి ఒకే స్వరం పలుకుతుంది. ఒక మీట మీంచి ఇంకో మీటకి వెళ్తే స్వరం తెగదు, జారుతుంది. పోర్టమెంటో అంటారు, మన వీణ వాళ్ల మాటలో జారు. అడుగున గుర్రుమంటున్న స్వరం ఒక్కసారిగా పైకి లేస్తుందే, ఆ సోలో మనసులో ఉండిపోయేది దానివల్లే.

కాబట్టి మొదట సర్జ్‌లో ప్లే మోడ్‌ని పాలీ (ఒకేసారి చాలా స్వరాలు) నుంచి మోనో ఎస్‌టీకి (ఒకసారికి ఒకే స్వరం) మార్చండి. మీటలు కలిపి వాయించినప్పుడు ఎన్వలప్, అంటే స్వరం లేచి తగ్గే తీరు, మళ్లీ మొదలవకుండా ఉంటుంది. తర్వాత పోర్టమెంటో. నా చేతికి 300 మిల్లీసెకన్ల దగ్గర బాగుంది. పెద్ద ఎత్తుకి లేచే చోట అది చాలదు, అందుకే ఆ స్లైడర్ మీద రైట్ క్లిక్ చేసి మిడి లెర్న్‌తో కీబోర్డు నాబ్‌కి కలిపాను. వాయిస్తూనే ఎడమచేత్తో పెంచుతాను.

ఇవన్నీ చేశాక కూడా ఏదో తేడాగానే ఉండేది. మా అక్క వీణ వాయిస్తుంది. ఒకరోజు పక్క గదిలోంచి విని వచ్చి, "నీ జారు మొదటి నుంచి చివరి దాకా ఒకే వేగంలో పోతోందిరా. వేలు అలా పోదు. గబుక్కున బయల్దేరి, చేరే స్వరం దగ్గర నెమ్మదిస్తుంది" అని తీగ మీద వేలు జార్చి చూపించింది. పాత అనలాగ్ సింథ్‌లలో జారుని పుట్టించే గ్లైడ్ సర్క్యూట్లలో జరిగేది కూడా అదే. కెపాసిటర్ మొదట వేగంగా నిండి, పోనుపోను నెమ్మదిస్తుంది. సర్జ్‌లో పోర్టమెంటో మీద రైట్ క్లిక్ చేస్తే కర్వ్‌ని, అంటే జారు వేగం మారే తీరుని, మూడు రకాలుగా మార్చుకోవచ్చు. మూడింటినీ అదే రెండు స్వరాల మధ్య విని చూడండి. మొదట దూకి చివర ఆగేదే మీక్కావాల్సింది. అది మార్చిన క్షణంలో నాకు ఒళ్లు జలదరించింది.

సౌండ్ సంగతి తేలికే. చాలామంది సా వేవ్‌తో (రంపపు పళ్లలా ఉండే తరంగం) మొదలుపెడతారు, నా చెవికి మాత్రం స్క్వేరే (చదరపు తరంగం) దగ్గరగా ఉంది. స్వరాన్ని పుట్టించే క్లాసిక్ ఆసిలేటర్లు మూడు తీసుకుని, స్క్వేర్ కోసం షేప్‌ని ఎడమ చివరికి లాగండి. ఒకటి ఆక్టేవ్ కిందికి, మిగతా రెంటి మధ్య నాలుగైదు సెంట్ల (సెంట్ అంటే అరస్వరంలో నూరో వంతు) తేడా. ఒకే ఆసిలేటర్‌ని చాలా ప్రతులుగా మోగించే యూనిజన్ వద్దు, మూడూ విడిగా ఉంటేనే బరువొస్తుంది. డ్రిఫ్ట్ (శ్రుతి కాస్త అటూఇటూ ఊగడం) కొద్దిగా. ఫిల్టర్ వింటేజ్ ల్యాడర్, రెజొనెన్స్ (ఫిల్టర్ కోసే చోట వచ్చే మోత) తక్కువ. సౌండ్‌ని పలుచగా రెట్టించే కోరస్ ఎఫెక్ట్ ఉంటే తీసేయండి, అదుంటే జారు అంచు మసకబారుతుంది.

చివరగా, ఒంటరిగా వింటూ తీర్పు చెప్పుకోకండి. ఒక ట్రాక్‌లో అకూస్టిక్ గిటార్ పెట్టి దాని మీద వాయించండి. విడిగా మరీ మొరటుగా అనిపించిన సౌండ్ ఆ గిటార్ పక్కన చక్కగా కుదురుతుంది.