పియానో తీగ తెగితే: ముందు ఆ ముక్క ఎక్కడ తెగిందో చూడండి

మీ ప్రశ్న ఇది: కాకినాడలో ఇంట్లో పాత అప్‌రైట్ పియానో ఉంది, తార స్థాయిలో ఒక ఉక్కు తీగ, మంద్రంలో రాగి చుట్టిన తీగ ఒకటి తెగాయి. అతికించవచ్చా, గిటారు తీగ వేయవచ్చా, మనమే చేసుకోగలమా అని.

తెగిన ముక్కల్ని పారేయకండి. ఎక్కడ తెగిందన్నదాన్ని బట్టే ఏం చేయాలో, ఎందుకు తెగిందో రెండూ తెలుస్తాయి. పైన ట్యూనింగ్ పిన్ (తీగను చుట్టి శ్రుతి చేసే మేకు) చుట్టల దగ్గర తెగితే ఏళ్ల తరబడి అక్కడే వంగి వంగి, తుప్పు కూడా పట్టి తెగిందని అర్థం. పిన్‌కి కాస్త కింద తీగను అదిమిపట్టే ఇనుప పట్టీ దగ్గర తెగితే గట్టిపడిన సుత్తుల దెబ్బో, తుప్పో కారణం. బ్రిడ్జి మీద (వీణ గుర్రం లాంటిదే) మేకుల దగ్గర తెగినా, కింద హిచ్ పిన్ (తీగ కింది వైపు తగిలే కదలని మేకు) మలుపులో తెగినా ఎక్కువగా తుప్పే. సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలి ముందు తినేది ఈ వంపులనే. ఒకే చోట వరసగా నాలుగైదు తీగలు పోతుంటే మాత్రం సుత్తుల మీది ఫెల్టు (అదిమిన ఉన్ని పొర) చూడాలి. తీగల గాట్లు లోతుగా పడి అట్ట కట్టిన ఫెల్టు ఉన్నంతకాలం కొత్త తీగలు కూడా తెగుతూనే ఉంటాయి.

అతుకు సంగతి. వెల్డింగ్, టంకం రెండూ పనికిరావు. పియానో తీగ బలం చల్లగా ఉండగా అచ్చుల్లోంచి లాగడం వల్ల వచ్చింది, కాలిన చోట అది మెత్తబడిపోతుంది. ఒక్కో తీగ మీద సుమారు 70 నుంచి 90 కిలోల లాగుడు ఉంటుంది, మొత్తం 220కి పైగా తీగలు కలిస్తే 15 నుంచి 20 టన్నులు. గిటారు సాదా తీగలు సాధారణంగా 0.65 మిల్లీమీటర్ల లోపే ఉంటాయి, పియానోలో అతి సన్న తీగే 0.775 దగ్గర మొదలవుతుంది. హార్డ్‌వేర్ షాపు బైండింగ్ వైరు శ్రుతి దాకా రాకుండానే సాగిపోతుంది. పియానో తీగ అనే అడిగి కొనాలి. జర్మనీలో రోస్లావ్ తీగ పేరున్నది, చెన్నై, ముంబయి పియానో దుకాణాల ద్వారా తెప్పించుకోవచ్చు.

తార స్థాయి తీగతో మొదలుపెడతాను, అది మీరు చేసుకోగలిగిన పనే. అక్కడ ఒక్కో స్వరానికి మూడు తీగలుంటాయి, కానీ చాలా పియానోల్లో ఒకే తీగ ఒక పిన్ నుంచి కిందికొచ్చి, హిచ్ పిన్ చుట్టూ తిరిగి, పక్క పిన్‌కి పోతుంది. అంటే ఒకటి తెగితే రెండు వదులవుతాయి. కొన్నిచోట్ల ఆ రెండోది పక్క మీట తీగ కావచ్చు, ‘నేను ముట్టని స్వరం కూడా పాడైంది’ అని కంగారు పడొద్దు.

పాత తీగ మందం స్క్రూగేజితో మూడు చోట్ల, తుప్పు లేని చోట కొలవండి. పియానో తీగకు మందాన్ని బట్టి నంబర్లుంటాయి, అవి ఇలా: 13వ నంబరు 0.775 మి.మీ., 14 అంటే 0.825, 15 అంటే 0.875, 16 అంటే 0.925, 17 అంటే 0.975, 18 అంటే 1.025. మధ్యలో అర నంబర్లు కూడా ఉన్నాయి. చాలాసార్లు బ్రిడ్జి మీదో చట్రం మీదో నంబరు రాసే ఉంటుంది. దాన్నీ కొలతనూ పోల్చండి, ఎందుకంటే ఎవరో ఎప్పుడో వేరే తీగ వేసి ఉండొచ్చు. అర నంబరు తేడా వస్తే సర్దుకోవచ్చు. రెండు నంబర్ల తేడాతో తీగ వేస్తే మాత్రం పక్క తీగలతో నాదం కలవదు.

కళ్లద్దాలు, తోలు తొడుగులు తప్పనిసరి. తెగిన తీగ కంటికి తగిలితే చూపు పోతుంది. తీగ చుట్ట విప్పేటప్పుడు కూడా అది చేతిలోంచి ఎగిరి తన్నుతుంది.

పై పలకా, కింద పలకా తీయండి. యాక్షన్‌ను (మీట నొక్కితే సుత్తిని కదిలించే యంత్రభాగం) పట్టి ఉంచే మరలు విప్పి, దాన్ని మీవైపు వంచి రెండు చేతులా ఎత్తి బయట పెట్టండి. సుత్తులు దేనికీ తగలకుండా చూసుకోవాలి. పెడల్ కర్రలకు అది ఇంకా తగులుకుని ఉందేమో ఎత్తేముందే చూడండి, ఎక్కువ విరిగేది ఇక్కడే. తెగిన తీగ తాలూకు పిన్‌లు రెండింటినీ ట్యూనింగ్ లీవరుతో అపసవ్యంగా సరిగ్గా మూడు చుట్లు తిప్పి, చుట్టలు వదులు చేసి, కంతలో దూరిన తీగ కొస లాగేయండి. మూడే ఎందుకంటే, కొత్త తీగ మూడు చుట్లు చుట్టేసరికి పిన్ మళ్లీ పాత లోతుకే వస్తుంది. లెక్క తప్పి అంతకు తక్కువ తిప్పితే పిన్ మరీ లోపలికి దిగి చుట్టలు ఇనుప చట్రాన్ని తాకుతాయి.

కొత్త తీగ కొసను మొదటి పిన్ కంతలో పెట్టి రెండున్నర చుట్లు సవ్యంగా తిప్పండి. చుట్టలు పైనుంచి కిందికి వరసగా, ఒకదాన్నొకటి ఆనుకుని ఉండాలి. తర్వాత తీగను పట్టీ కిందనుంచి, బ్రిడ్జి మేకుల మధ్య పాత తీగ నడిచిన దారిలోనే తీసుకెళ్లి, హిచ్ పిన్ చుట్టూ తిప్పి పైకి తెండి. తెగింది మధ్య స్థాయికి దగ్గరైతే అడ్డంగా పోయే మంద్ర తీగల కిందనుంచి దూర్చాలి. తీగ ఎక్కడా మడతపడకూడదు, మడత పడితే ఆ ముక్క పారేసి కొత్తది కోయండి. మడతను నొక్కి సరిచేసినా, కొన్ని రోజులకు అక్కడే తెగుతుంది. రెండో పిన్ దాటాక బెత్తెడు పొడవు వదిలి కత్తిరించండి. పిన్ చుట్టుకొలత 22 మిల్లీమీటర్లకు దగ్గరగా ఉంటుంది కాబట్టి మూడు చుట్లకూ కంతలో దూరే కొసకూ ఆ బెత్తెడు సరిపోతుంది.

బిగించేటప్పుడు ఒకే పిన్ పూర్తిగా తిప్పేయకండి. ఇటు కాస్త, అటు కాస్త తిప్పుతూ రండి, లేకపోతే తీగ హిచ్ పిన్ చుట్టూ జారి రెండో వైపు చుట్టలు తక్కువ పడతాయి. తీగ కాస్త బిగిశాక స్క్రూడ్రైవరు కొసతో చుట్టల్ని కింది నుంచి పైకి లేపి ఆనించండి. కంతలోకి మలుపు తిరిగే చోట ముక్కు ప్లయర్‌తో పిన్‌కేసి అదమండి. హిచ్ పిన్ దగ్గర తీగను చట్రానికి ఆనేలా కిందికి నొక్కి, బ్రిడ్జి మేకుల పక్కన చెక్క ముక్కతో మెల్లగా అదమండి. ఎవరో తొందరపడి ఈ రెండు పనులూ వదిలేసిన పియానోల్లోనే ‘కొత్త తీగ శ్రుతి నిలవట్లేదు’ అన్న ఫిర్యాదు ఎక్కువ.

తిప్పేటప్పుడు పిన్ లీవరుకు ఎదురు నిలవకుండా తేలిగ్గా తిరిగిపోతుంటే చెక్కలో పట్టు పోయింది. అప్పుడు 1/0 లేదా 2/0 సైజు పిన్ తీసి ఇంకాస్త లావైన 3/0 వేయాలి. నూనె మాత్రం ఎక్కడా వద్దు. తుప్పు పోతుందని కొబ్బరినూనె, స్ప్రేలు వేసే వాళ్లున్నారు. అది తీగ వెంట జారి పిన్‌బ్లాకు చెక్కలో (పిన్‌లు దిగి ఉండే దిమ్మ) ఇంకిందంటే ఆ పిన్ మళ్లీ నిలవదు.

ఇక మంద్ర తీగ. అందులో లోపలి ఉక్కు తీగ పైభాగం పిన్ దగ్గర తెగి, రాగి చుట్టలు చెడకపోతే ముడి వేసి బతికించవచ్చు. పైన రాగి లేని ఉక్కు భాగాన్ని కొలిచి అదే మందం తీగ తెచ్చుకోండి. రెండు కొసలకూ ఉచ్చులు వేసి, ఒక్కో తీగ తోక రెండో తీగ ఉచ్చు కింద నొక్కుకుపోయేలా పెనవేసి లాగితే ముడి తనను తానే బిగించుకుంటుంది. తోకల్ని రెండు మూడు మిల్లీమీటర్లు వదిలి కత్తిరించండి. మొదట పనికిరాని తీగ ముక్కల మీద పదిసార్లు సాధన చేయండి, అసలు తీగ మీద మొదటి ముడి వేయకండి. ముడి అనేది తీగ ఆనే చోటును తాకకూడదు, సుత్తికి, డ్యాంపరుకు (నాదాన్ని ఆపే ఫెల్టు దిమ్మ) దూరంగా ఉండాలి. లాగుడుకు ముడి ఒక సెంటీమీటరు దాకా కుదించుకుంటుందని పొడవులో లెక్కవేసుకోండి. బాగా వేసిన ముడి ఏళ్లు నిలుస్తుంది. మూల తీగ నాదాన్ని అలాగే ఉంచుతుంది కాబట్టి, నా అభిప్రాయంలో కొత్త తీగ కన్నా ఇదే మేలు.

కింద ఉచ్చు దగ్గరో, రాగి చుట్ట మధ్యనో తెగితే ముడి కుదరదు. పాత తీగ ముక్కలన్నీ పంపి అలాంటిదే చుట్టించండి. లోపలి ఉక్కు మందం, రాగితో కలిపి మందం, ఉచ్చు నుంచి రాగి మొదలయ్యే చోటు వరకు పొడవు, రాగి ఉన్న పొడవు కూడా రాసి పంపాలి. ఆ స్వరానికి రెండు తీగలుంటే రెండూ కలిపి వేయించండి, లేకపోతే ఒకటి కంచులా మోగుతుంది, రెండోది మూగగా ఉంటుంది. తొడిగేముందు హిచ్ పిన్ ఉచ్చును రాగి చుట్టిన దిశలోనే ఒక పూర్తి చుట్టు మెలి తిప్పి తగిలించాలి. అటు కాకుండా ఇటు తిప్పారో, చుట్టలు వదులై జర్‌జర్‌మంటుంది.

శ్రుతి విషయంలో ఒక జాగ్రత్త. పియానో మొత్తం అర స్వరం దిగిపోయి ఉంటే కొత్త తీగను పక్క తీగలతో కలపండి, ఫోన్ ఆప్ చూపే ప్రామాణిక 440 హెర్ట్జ్ శ్రుతితో కాదు. తుప్పు పట్టిన తీగల్ని ఒకేసారి పైకి లాగితే మిగతావి కూడా తెగుతాయి. పాత తీగను ఎప్పుడు పెంచాలన్నా ముందు లీవరుతో కొద్దిగా కిందికి దించండి. తుప్పు పట్టు వీడిన చిన్న ‘టిక్’ వినబడ్డాకే పైకి తిప్పండి.

కొత్త ఉక్కు తీగ సాగుతూనే ఉంటుంది, మొదటి రోజు గంటల్లోనే దిగిపోతుంది. మరునాడు, వారానికి, నెలకు మళ్లీ కలపాలి. ఈలోపు కొత్త తీగను రెండు వైపులా ఫెల్టు ముక్కతో నొక్కి ఉంచితే మిగతా తీగలతో స్వరం వాయించుకోవచ్చు.