చవక గాజు గ్లాసులకు ఇంట్లోనే రంగులు వేసి కొవ్వొత్తులు పెట్టుకోవచ్చా?

బజార్లో చవగ్గా దొరికే గాజు గ్లాసులు కొని, పిల్లల ఆక్రిలిక్ రంగులు వేసి, దీపావళికి టీ లైట్లు (రేకు గిన్నెలో వచ్చే చిన్న కొవ్వొత్తులు) పెట్టుకోవచ్చా, వేడికి రంగు ఊడదా అని అడిగారు. వేడి సంగతి తర్వాత. ముందు చూసుకోవాల్సింది, లోపల దీపం వెలిగాక ఆ రంగు ఎలా కనిపిస్తుందన్నది. మందంగా వేసిన ఆక్రిలిక్‌లోంచి వెలుతురు రాదు. పగలు ముద్దుగా ఉన్న పువ్వు రాత్రికి నల్లటి మచ్చ అయిపోతుంది. అందుకే నేను ప్రతి దీపావళికీ గ్లాస్ కలర్సే, అంటే వెలుతురు దాటే గాజు రంగులే వాడతాను. ఫెవిక్రిల్, కామెల్ రెండింటివీ దొరుకుతాయి.

రంగుల ఎంపికలో ఒక కిటుకు ఉంది. కొవ్వొత్తి వెలుగు పసుపు, ఎరుపు వైపు ఉంటుంది, అందులో నీలం చాలా తక్కువ. కాబట్టి పసుపు, నారింజ, ఎరుపు ధగధగలాడతాయి, ముదురు నీలం మాత్రం చచ్చుబడి కనిపిస్తుంది. నీలమే కావాలంటే పల్చగా వేయండి, లేదా లోపల తెల్ల ఎల్‌ఈడీ టీ లైటు పెట్టండి.

గ్లాసును సబ్బుతో కడిగి, ఆరాక బయటంతా మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌తో తుడవండి. ఆ తర్వాత వేలు తగలనివ్వకండి. వేలి జిడ్డు ఉన్నచోట రంగు పట్టదు, పొరలా లేచిపోతుంది. చాలామంది తొందరపడేది ఇక్కడే.

డిజైన్‌కి నేను చుక్కల ముగ్గులే ఎంచుకుంటాను. కాగితం మీద ముగ్గు గీసి, గ్లాసు లోపల టేపుతో అంటిస్తే బయటినుంచి చూస్తూ దిద్దుకోవచ్చు. గీతకి లైనర్ ట్యూబ్, అంటే రంగు కారకుండా గట్టులా నిలిచే చిక్కటి గీత గీసే సన్నమూతి ట్యూబ్ కావాలి. మెహందీ కోన్ పట్టినట్టే, ఒకే ఒత్తిడితో, ముక్కును గాజుకి కాస్త ఎడంగా ఉంచి లాగాలి. గడికీ గడికీ మధ్య గీత తెగకుండా కలవాలి, లేకపోతే పక్క గడిలోకి రంగు కారుతుంది. గీతను రాత్రంతా ఆరనివ్వండి.

అసలు చికాకు గ్లాసు గుండ్రంగా ఉండటం. నిలబెట్టి రంగు వేస్తే అంతా కిందికి జారుతుంది. మడిచిన తువ్వాలు మీద పడుకోబెట్టి, పైకి ఉన్న ముఖం వరకే నింపి, అది ఆరాక తిప్పండి. ఓపిక లేనివాళ్లు పలకలుగా ఉండే చదరం గ్లాసులు కొనుక్కోండి, సగం పని తప్పుతుంది. సీసాను ఊపకండి, బుడగలు వస్తాయి. వచ్చినా గుండుసూదితో పొడిచేస్తే సరి. వాటర్ బేస్డ్ (నీళ్లతో కలిపిన) రంగు తడిగా ఉన్నప్పుడు పాలలా తెల్లగా ఉంటే కంగారు పడొద్దు, ఆరాక తేటపడుతుంది. సాల్వెంట్ బేస్డ్ (మంటకి అంటుకునే రసాయన ద్రావకంతో కలిపినది) అయితే ఘాటు వాసన, కిటికీలు తెరవాలి, దగ్గర్లో మంట ఉండకూడదు. నెల్లూరు, విశాఖ వైపు దీపావళికి వానలుంటే ఆరడం ఇంకా ఆలస్యం, వారం ముందే మొదలుపెట్టండి.

ఇక వేడి. రంగు ఎప్పుడూ బయటే, లోపల చుక్క కూడా వద్దు. పూర్తిగా ఆరి, వాసన పోయాకే వెలిగించండి. మూతి వెడల్పుగా ఉన్న గ్లాసు తీసుకోండి. టీ లైటు రేకు గిన్నె అడ్డంగా 4 సెంటీమీటర్ల లోపే ఉంటుంది, దాని చుట్టూ గాలి ఆడాలి. సన్నటి గ్లాసులో మంట ఒక పక్కకి ఒరిగితే అక్కడ రంగు మెత్తబడుతుంది, చవక గాజు చిట్లినా చిట్లుతుంది. అడుగున రెండు చెంచాల ఇసుక పోస్తే రేకు గిన్నె కదలదు, అడుగుకి వేడీ తగ్గుతుంది.

ఓవెన్‌లో కాల్చాలా అని కొందరు అడుగుతారు. సీసా మీద అలా రాసి ఉంటేనే. పెబియో కంపెనీ విట్రియా 160 లాంటి గాజు రంగుల్ని 160 డిగ్రీల సెల్సియస్ దగ్గర 40 నిమిషాలు కాల్చాలి. చల్లటి ఓవెన్‌లో పెట్టి వేడెక్కించి, అందులోనే చల్లారనివ్వాలి. మామూలు గ్లాస్ కలర్స్‌కి ఆ అవసరం లేదు.

ఇంట్లో ఉన్న ఆక్రిలిక్కే వాడాలనుకుంటే ఒక దారి ఉంది. తెలుపు రంగును పొడి స్పాంజి ముక్కతో చాలా పల్చగా అద్దండి. గాజు మంచు పట్టినట్టు అయి, వెలుతురు మెత్తగా పరుచుకుంటుంది. కాకపోతే గోటితో గీకితే లేస్తుంది, నీళ్లలో నానబెట్టకూడదు. ఎవరికైనా బహుమతిగా ఇస్తే తడిగుడ్డతో తుడవడమే తప్ప గిన్నెలతో పాటు తోమొద్దని చెప్పి ఇవ్వండి.