గోడకు వేలాడే ట్రీ, తలకిందుల ట్రీ: క్రిస్మస్ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా హాలు చిన్నది. నేల మీద ట్రీ పెడితే ఏడాదిన్నర బాబు లాగేస్తాడు. కర్రలతో గోడకు వేలాడే ట్రీ చేసుకోవాలని ఉంది. అద్దె ఇల్లు, మేకులు కొట్టనివ్వరు.
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఏడు కర్రలు, పదహారు అడుగుల పురికొస ఉంటే చాలు. కర్రలు బొటనవేలి లావున, బాగా ఎండినవై ఉండాలి. పచ్చివైతే ఆరేకొద్దీ సన్నబడి ముడులు వదులవుతాయి. పొడవులు అంగుళాల్లో 36, 31, 26, 21, 16, 11, 6. ప్రతి కర్రకూ రెండు కొసల నుంచి అంగుళం లోపల చాకుతో చిన్న గాటు పెట్టండి. చాలామంది బద్ధకించేది ఇక్కడే. తాడు ఏటవాలుగా లోపలికి లాగుతుంది కాబట్టి నున్నటి కర్ర మీద ముడి మెల్లగా మధ్యకు జరుగుతుంది. పొద్దున కట్టిన ట్రీ సాయంత్రానికి వంకరపోయేది అందుకే.

తాడును సగానికి మడిచి, మడత దగ్గర చిన్న ఉచ్చు వదిలి ముడి బిగించండి. ముడి లేకుండా ఊరికే తగిలిస్తే తాడు అటో ఇటో జారి ట్రీ ఒరిగిపోతుంది. ఉచ్చును కిటికీ ఊచకు తగిలించి, అన్నిటికంటే చిన్న కర్రతో మొదలుపెట్టి కిందికి కట్టుకుంటూ రండి. ఉచ్చు నుంచి మొదటి కర్రకు 8 అంగుళాలు, ఆ తర్వాత ముడికీ ముడికీ మధ్య ఏడున్నర. గాటులో రెండు చుట్లు తిప్పి ముడేయండి. కొలత కాస్త అటూ ఇటూ అయినా ఫరవాలేదు గానీ, కుడి ఎడమలు సమానంగా రావాలి.

మేకు బదులు కర్టెన్ రాడ్‌కు వేలాడదీయండి. అంటించే కొక్కేలు టైల్స్ మీద బాగానే నిలుస్తాయి. సున్నం, డిస్టెంపర్ గోడల మీద మాత్రం అవి పట్టుకునేది గోడను కాదు, పైన ఉన్న పొడిని. ఊడితే రంగు పెచ్చుతో సహా ఊడుతుంది, ఆపైన ఇంటాయనతో మాట పడాలి.

రాడ్ ఏడడుగుల ఎత్తులో ఉంటే, కట్టిన ట్రీ అట్టడుగు కర్ర నేలకు మూడడుగుల లోపే ఉంటుంది. బాబుకు అందుతుంది. కాబట్టి 36, 31 అంగుళాల కర్రలు రెండూ మానేసి ఐదింటితో ఆపేయండి. అప్పుడు నాలుగడుగుల ఎత్తులో ఉంటుంది. లైట్లు ఒక కర్ర వెంట వెళ్లి పక్క తాడు మీదుగా కింది కర్రకు దిగేలా వేస్తే ఐదు కర్రలకు 3 మీటర్ల సెట్టు, ఏడింటికి 5 మీటర్లది సరిపోతుంది. పెన్సిల్ సెల్స్‌తో వెలిగే సెట్టు తీసుకుంటే వైరు కిందికి వేలాడదు. బటన్ బ్యాటరీలవి మాత్రం మీ ఇంట్లోకి రానివ్వకండి. పిల్లలు మింగితే ప్రాణం మీదికొస్తుంది.

ప్రశ్న: ట్రీని తలకిందులుగా సీలింగ్‌కు వేలాడదీసిన ఫోటోలు చూశాం. మా ఆరడుగుల ప్లాస్టిక్ ట్రీని ఫ్యాన్ హుక్కుకు అలా కట్టొచ్చా?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఆ ట్రీ వద్దు, ఆ హుక్కూ వద్దు. పెద్ద ట్రీల్లో చాలావాటికి కొమ్మలు తలుపు బందుల్లాంటి కీళ్ల మీద ఉంటాయి. నిలబెడితే సొంత బరువుకే బయటికి వాలి ఒకచోట ఆగుతాయి. తిరగేస్తే అదే బరువుకు కొస వైపు పడిపోయి, మూసిన గొడుగులా తయారవుతుంది. పైగా కాండం ముక్కలు ఒకదాంట్లో ఒకటి దూర్చినవే, తిరగేస్తే ఊడి వస్తాయి. ఫ్యాన్ హుక్కు దగ్గరేమో కరెంటు వైర్లు.

దీనికి రెండు మూడు అడుగుల ట్రీ పనికొస్తుంది. దాని కొమ్మలు కాండానికి మెలిపెట్టిన తీగలు, ఎటు వంచితే అటు నిలుస్తాయి. స్టాండు తీసేసి, అడుగు కొమ్మల వరసకూ కాండానికీ కలిపి బైండింగ్ వైరు నాలుగు చుట్లు చుట్టి, ఉయ్యాల కొక్కేనికి కట్టండి. కొమ్మల కొసలు ఇప్పుడు నేల చూస్తుంటాయి, బంతులు జారిపోతాయి. ప్రతి కొసనూ అంగుళం మేర పైకి వంచాకే అలంకరణ మొదలుపెట్టండి. కొన తలకు తగలకుండా నేలకు ఆరున్నర అడుగుల పైనే ఉండాలి.

ప్రశ్న: సరుగుడు కొమ్మ పెడితే పండక్కి ముందే ఎండి రాలిపోతోంది. ఎందుకని?
- ఒక పాఠకురాలు, బాపట్ల

జవాబు: సరుగుడులో మనం ఆకులనుకునే పచ్చటి పుల్లలు నిజానికి సన్నటి రెమ్మలు. అసలు ఆకులు వాటి కణుపుల దగ్గర కంటికి ఆనీ ఆనని పొలుసుల్లా ఉంటాయి. రెమ్మను పట్టి లాగితే కణుపు దగ్గర పుటుక్కున ఊడుతుంది. తేమ తగ్గగానే జరిగేదీ అదే. కొమ్మ తెచ్చిన వెంటనే మొదలు అంగుళం కోసేసి, తడి ఇసుక బకెట్‌లో దింపి, రోజూ నీళ్లు పోయండి. గోడకు విసనకర్రలా పరిచి కట్టాలనుకుంటే నీళ్లందవు కాబట్టి 23న కొట్టించుకోండి. కొవ్వొత్తులు మాత్రం దాని దగ్గరికి రానివ్వద్దు, ఎండిన సరుగుడు భగ్గుమంటుంది.