అంత కరెంటు పెట్టించుకుని మళ్ళీ ఎక్స్‌రే గదిలోకా?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది బుచ్చిరెడ్డిపాళెం, వయసు 38. నెల్లూరు పొగతోటలో ఒక సెంటర్‌లో 11 ఏళ్లుగా ఎక్స్‌రే టెక్నీషియన్‌గా చేస్తున్నాను. నిరుడు ఎడమ రొమ్ములో క్యాన్సర్ అని ఆపరేషన్ చేసి చంకలో గ్రంథులు కూడా తీశారు, కీమో అయ్యాక 15 రోజులు కరెంటు (రేడియేషన్) పెట్టారు. ఇప్పుడు డ్యూటీకి రమ్మంటున్నారు. "అంత కరెంటు పెట్టించుకుని మళ్ళీ ఆ గదిలోకే పోతావా" అని మా అత్తమ్మ గోల. ఆ పని వల్లే వచ్చిందేమోనని నాకూ టెన్షన్. మానేయాలా?

జవాబు: మానేయక్కర్లేదమ్మా, కానీ వెళ్లేముందు ఒంటికి ఎంత రేడియేషన్ పడిందో కొలిచే మీ టీఎల్‌డీ బ్యాడ్జి రిపోర్టులు, మూడు నెలలకోసారి వచ్చేవి, 11 ఏళ్లవీ అడిగి తీసుకోండి. అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన పరిమితి 5 ఏళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (ఒంటికి పడే రేడియేషన్ కొలత), ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. మామూలు ఎక్స్‌రే గదిలో పద్ధతిగా చేసేవాళ్లలో చాలామందికి ఏడాదికి 1 కూడా రాదు. ఏ మిషన్ దగ్గరికీ పోకుండా పెన్నా గట్టున కూర్చున్నా నేల నుంచి, ఆకాశం నుంచి మనిషికి పడేది ప్రపంచ సగటున ఏడాదికి 2.4. మీ అంకెలూ అంత తక్కువే ఉంటే మీ జబ్బుకి ఆ గదిని అనుమానించడానికి పెద్దగా ఆధారం లేదు. కాకపోతే బ్యాడ్జి మీ ఒంటి మీద ఉంటేనే ఆ అంకెకి విలువ, గోడ మేకుకి తగిలించి డ్యూటీ చేసే సెంటర్లు నేను చూశాను. రేడియేషన్‌ని అడ్డుకునే సీసం (లెడ్) ఏప్రాన్ లోపల, ఛాతీ దగ్గర పెట్టుకోవాలి.

మీ అత్తమ్మ గారి లెక్కలో పొరపాటు ఏంటంటే, వైద్యం కోసం పెట్టిన కరెంటుని ఉద్యోగం డోసులో కలపరు. అందుకే మీరు పేషెంటుగా స్కాన్‌కి పోయినప్పుడు బ్యాడ్జి తీసేసి వెళ్లాలి. బోన్ స్కాన్ అయితే మందు ఎక్కించాక కొన్ని గంటలు మీ ఒంట్లోంచే రేడియేషన్ వస్తుంది, ఆ రోజు డ్యూటీకి పోతే బ్యాడ్జిలో అదే ఎక్కుతుంది.

నాకు రేడియేషన్ కన్నా మీ ఎడమ చెయ్యి మీదే బెంగ. చంకలో గ్రంథులు తీశారు కాబట్టి చెయ్యి వాచే అవకాశం ఉంది, నాలుగైదు కిలోల లెడ్ ఏప్రాన్ ఆ భుజం మీద వేలాడుతుంది, పైగా పేషెంట్లని మంచం మీదికి ఎత్తడం. నడుముకీ భుజాలకీ బరువు పంచే రెండు ముక్కల ఏప్రాన్ అడగండి, కొన్నాళ్లు సీ-ఆర్మ్ (ఆపరేషన్ థియేటర్లో వాడే ఎక్స్‌రే మిషన్) డ్యూటీ వద్దనండి. పోర్టబుల్, అంటే పేషెంటు మంచం దగ్గరికే మిషన్ తీసుకెళ్లి ఎక్స్‌రే, తీసేటప్పుడు కనీసం 2 మీటర్లు వెనక్కి జరగండి, దూరం రెట్టింపైతే డోసు పావు వంతుకి పడిపోతుంది.

ఇంకోటి, ఇంత చిన్న వయసుకే వచ్చింది కాబట్టి జన్యు పరీక్ష గురించి మీ క్యాన్సర్ డాక్టర్ని అడగండి, అందులో ఏమైనా తేలితే నా జవాబు మారొచ్చు. బ్యాడ్జి రిపోర్టులు ఇవ్వమని సెంటర్ వాళ్లు నాన్చితే మళ్ళీ రాయండి.